మరపడవ మోతను తగ్గించే క్రమం

పడమటి కర్నూలు ప్రాంతంలో తుంగభద్రను దాటించే సాధనం తరతరాలుగా పుట్టి. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, పైన తోలో తార్పాలినో కప్పి, తెడ్డుతో నడిపే ఈ తేలికైన నావలో ఇంజన్ ఉండదు కనుక, ఒడ్డున ఉన్నవారి పిలుపు నది మధ్యనున్న వారికి స్పష్టంగా వినిపిస్తుంది. ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం ప్రాంతాల వారికి ఇంజన్ పడవ ఎదురయ్యే సందర్భాలు రెండు. వరద వచ్చినప్పుడు సహాయక దళాలు మోటారు బిగించిన రబ్బరు పడవలతో రావడం మొదటిది. 2009 అక్టోబరు తొలి రోజుల్లో తుంగభద్ర మంత్రాలయాన్ని ముంచెత్తి, నాగలదిన్నె వంతెనను తెంచుకుపోయిన వరదను ఈ ప్రాంతం ఇంకా మరచిపోలేదు. రెండవది విహారయాత్ర: శ్రీశైలం జలాశయపు వెనుక జలాల మీద సంగమేశ్వరం నుంచి అవతలి ఒడ్డున ఉన్న సోమశిలకు తిరిగే ఇంజన్ బోట్లు, నాగార్జునసాగర్ నుంచి నాగార్జునకొండకు వెళ్లే లాంచీలు, గోదావరి మీద పాపికొండల పడవలు ఈ కోవలోకి వస్తాయి. రేపు ఎమ్మిగనూరుకు చేరువలోని గాజులదిన్నె జలాశయం వంటి చోట చిన్న విహార పడవలు తిరిగినా, అక్కడికి వెళ్లేవారు కోరుకునేది నీటి మీది ప్రశాంతతనే గాని ఇంజన్ మోతను కాదు.

చిన్న పడవల్లో ఈ మోతను తప్పించుకోలేని విషయంగా భావించడం పరిపాటి. నిజానికి దానిని బాగా తగ్గించే శాస్త్రం స్థిరపడి చాలా కాలమైంది; అందుకు కావలసిన సామగ్రిలో ఎక్కువ భాగం ఆదోని బజారులో దొరికేదే. కొరత ఉన్నది క్రమంలో మాత్రమే. శబ్దం ఏ దారుల్లో బయటికి వస్తున్నదో గుర్తించి, వాటిలో పెద్ద దారిని ముందుగా మూయాలనే నియమాన్ని పాటించకపోతే, ఎంత ఖర్చు పెట్టినా చెవికి తేడా తెలియదు.

శబ్దాన్ని కొలిచే తీరు

ఈ నియమం బలం తెలియాలంటే డెసిబెల్ అనే కొలమానాన్ని అర్థం చేసుకోవాలి. మనిషి చెవి అతి సన్నని సవ్వడి నుంచి, నొప్పి పుట్టించే మోత వరకు ఎంతో విస్తృతమైన శ్రేణిని వినగలదు కనుక, ఆ శ్రేణిని చిన్న అంకెల్లో చెప్పడానికి హెచ్చవేతల మీద ఆధారపడిన ఈ కొలతను ఏర్పరచారు. 10 డెసిబెళ్లు పెరగడమంటే ధ్వనిశక్తి 10 రెట్లు కావడం. చెవికి మాత్రం అది సుమారు రెట్టింపుగా తోస్తుంది. ఒకే స్థాయిలో మోగే రెండు ఇంజన్లు పక్కపక్కన నడిస్తే మొత్తం శబ్దం 3 డెసిబెళ్లు మాత్రమే పెరుగుతుంది. అంటే 95 డెసిబెళ్ల ఇంజన్లు రెండు కలిస్తే వచ్చేది 98 గాని, 190 కాదు.

వినికిడికి హాని కలిగించే పరిమితిని కూడా ఈ కొలతలోనే చెబుతారు. అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం రోజుకు 8 గంటలు పనిచేసే మనిషి చెవికి 85 డెసిబెళ్లు హద్దు; ఆపైన 3 డెసిబెళ్లు పెరిగిన ప్రతిసారీ భరించదగిన సమయం సగానికి పడిపోతుంది. 88 దగ్గర 4 గంటలు, 91 దగ్గర 2 గంటలు, 94 దగ్గర ఒక్క గంట. ఒకసారి షికారుకు వచ్చి వెళ్లే ప్రయాణికుడికి ఈ లెక్క అంతగా వర్తించదు. ఏడాది పొడవునా ఇంజన్ పక్కనే కూర్చునే సరంగుకు మాత్రం పూర్తిగా వర్తిస్తుంది. ఎక్కువ మోత వల్ల చెవి లోపలి సున్నితమైన కేశకణాలు దెబ్బతింటే అవి తిరిగి మొలవవు. అందువల్ల శబ్దాన్ని తగ్గించడాన్ని సౌఖ్యంగా కన్నా ముందు, పనిచేసేవారి ఆరోగ్య రక్షణగా చూడాలి. ప్రమాద వేళ సరంగు హెచ్చరిక ప్రయాణికులకు వినబడటం, వరదనీటిలో చిక్కుకున్నవారి కేక సహాయక పడవకు వినబడటం కూడా ఇంజన్ మోత మీదే ఆధారపడి ఉంటాయి.

పెద్ద దారి ముందు

చిన్న మరపడవల్లో తరచు కనిపించేది ఒకే సిలిండరు ఉన్న డీజిల్ ఇంజన్. పొలాల్లో నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్, ఆదోని, ఎమ్మిగనూరు రోడ్ల మీద తిరిగే డీజిల్ ఆటో ఇంజన్ ఈ కుటుంబానికి చెందినవే. దాని శబ్దం ప్రధానంగా నాలుగు చోట్ల నుంచి వస్తుంది. మండిన వాయువులు ఒత్తిడితో ఒక్కసారిగా పొగ గొట్టంలోకి తన్నుకు రావడం మొదటిది. సిలిండరులో ఇంధనం భగ్గున అంటుకున్నప్పుడు పుట్టే కొట్టుడు, వాల్వులు, గేర్లు కలిసి ఇంజన్ ఒంటి నుంచి వెలువరించే మోత రెండవది. ఇంజన్ అదురు దాని దిమ్మ ద్వారా పడవ చెక్కలకో ఫైబర్ పలకలకో పాకి, పడవ మొత్తాన్ని మోగించడం మూడవది. షాఫ్టు, దాని చివర నీటిని తోసే ప్రొపెల్లర్ కలిగించే చప్పుడు నాలుగవది.

ఒక పడవలో సరంగు చెవి దగ్గర పొగ గొట్టం వాటా 95, ఇంజన్ ఒంటి మోత 88, ప్రొపెల్లర్ తదితరాల వాటా 80 డెసిబెళ్లు అనుకుంటే, మొత్తం సుమారు 96 అవుతుంది. యజమాని శ్రమపడి ఇంజన్ చుట్టూ పెట్టె కట్టించి, ఒంటి మోతను పూర్తిగా అణచివేసినా మొత్తం 95 దగ్గరే ఆగిపోతుంది. ఖర్చంతా వృథా అయిందని ఆయనకు అనిపిస్తుంది. అదే పొగ గొట్టానికి సరైన సైలెన్సర్ బిగించి దాని వాటాను 80కి దింపితే మొత్తం 89కి వస్తుంది. అప్పుడు పెట్టె కట్టి ఒంటి మోతను 76కి దింపితే మొత్తం 84 అవుతుంది. నియోష్ లెక్కన 96 డెసిబెళ్ల దగ్గర రోజుకు 40 నిమిషాలైనా కూర్చోరాని చోటు, 84 దగ్గర రోజంతా పనిచేయగలిగిన చోటుగా మారుతుంది. రెండు పనులూ అవసరమైనవే. ఫలితాన్ని నిర్ణయించింది వాటి వరుస.

ఏ దారి పెద్దదో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. పడవను ఒడ్డుకు కట్టి, ఇంజన్‌ను గేరు వేయకుండా మామూలు వేగంతో నడిపినప్పుడు ఉన్న మోతకూ, అదే వేగంతో పడవ సాగుతున్నప్పటి మోతకూ పెద్ద తేడా ఉంటే ఆ తేడాలో షాఫ్టుకు, ప్రొపెల్లర్‌కు గణనీయమైన వాటా ఉన్నట్లు. పడవ పక్క పలక మీద అరచేయి ఆనించినప్పుడు గట్టిగా జివ్వుమంటే అదురు దారి తెరిచి ఉన్నట్లు. సెల్‌ఫోనులోని శబ్దమాపక యాప్ కచ్చితమైన అంకె ఇవ్వకపోయినా, ఒకే ఫోనుతో, ఒకే చోట కూర్చుని, ఒకే వేగం దగ్గర మార్పుకు ముందూ తరువాతా కొలిస్తే తేడాను నమ్మకంగానే చూపిస్తుంది.

ఖర్చులేని మరమ్మతులు

కొత్త సామగ్రి కొనడానికి ముందు ఉన్నదాన్ని సరిచేయడం విజ్ఞత. వదులైన బోల్టులు, పొగ గొట్టపు అతుకు దగ్గర కాలిపోయిన గాస్కెట్, వంగిన ప్రొపెల్లర్ రెక్క, అరిగిన షాఫ్టు బేరింగ్ ఒక్కొక్కటీ తన వంతు మోతను కలుపుతుంది. వీటిలో ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది ఇంజన్‌నూ షాఫ్టునూ ఒకే వరుసలో నిలపడం. గేరుపెట్టె వైపు, షాఫ్టు వైపు ఉన్న రెండు కప్లింగ్ బిళ్లలను విడదీసి, వాటిని దాదాపు తాకేటట్లు దగ్గరకు తెచ్చి, పై భాగంలోను, కింది భాగంలోను, రెండు పక్కలా ఉన్న సందును ఫీలర్ గేజ్ రేకులతో కొలుస్తారు. 100 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న కప్లింగ్‌కు ఈ నాలుగు చోట్ల కొలతల తేడా 0.1 మిల్లీమీటరు మించకూడదనేది మెకానిక్కులు పాటించే నియమం. ఈ పనిని పడవ నీటి మీద ఉన్నప్పుడే చేయాలి. ఒడ్డు మీద దిమ్మెలపై నిలిపిన పడవ ఒంపు వేరు, నీటిలో తేలే పడవ ఒంపు వేరు కనుక, గట్టు మీద సరిచేసిన వరుస నీటిలోకి దిగగానే తప్పిపోవచ్చు.

ప్రొపెల్లర్ విషయంలోనూ ఒక కొలత ఉంది. దాని రెక్క కొనకూ పడవ అడుగుకూ మధ్య ఖాళీ ప్రొపెల్లర్ వ్యాసంలో కనీసం పదో వంతైనా ఉండాలి. అంతకన్నా దగ్గరైతే రెక్క దాటిన ప్రతిసారీ నీటి ఒత్తిడి పడవ అడుగును తడుతుంది. రాయి తగిలి రెక్క అంచు చిట్లినా, ఇంజన్ శక్తికి తగని చిన్న ప్రొపెల్లర్‌ను అతివేగంగా తిప్పినా, రెక్క వెనుక ఒత్తిడి పడిపోయి నీరు చిన్న చిన్న ఆవిరి బుడగలుగా మారుతుంది, ఆ బుడగలు వెంటనే చితికిపోతాయి. కావిటేషన్ అనే ఈ క్రియ గరగరమని గులకరాళ్లు దొర్లినట్టు వినిపించడమే కాక, లోహపు రెక్కను క్రమంగా తినేస్తుంది.

పొగ గొట్టం

పడవ ఇంజన్‌కు పొగను బయటికి పంపే పద్ధతులు రెండు. నాటు పడవల్లో పొగ గొట్టం నిలువుగా పైకి లేచి గాలిలోకి తెరుచుకుంటుంది. దీనిని పొడి పద్ధతి అంటారు. ఇలాంటి గొట్టానికి ఇంజన్ తయారీదారు చెప్పిన కొలత గల సైలెన్సర్‌ను అమర్చడం, దాని మూతిని మనుషులకు దూరంగా తిప్పడం తప్పనిసరి. మోత తగ్గుతుందని గొట్టాన్ని సన్నగా, మెలికలుగా చేయడం మాత్రం హానికరం. పొగకు ఎదురు ఒత్తిడి పెరిగి ఇంజన్ బలం తగ్గుతుంది, వేడెక్కుతుంది, ఇంధనం ఎక్కువ తాగుతుంది.

రెండవది తడి పద్ధతి. ఇంజన్‌ను చల్లబరచిన నీటినే పొగ గొట్టంలోకి చిమ్మితే, వేడి వాయువులు ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుపోతాయి, వాటి ఒత్తిడి అలల ఉద్ధృతి తగ్గుతుంది, మోత చాలావరకు నీటిలోనే అణగిపోతుంది. గొట్టం చల్లగా ఉండటం వల్ల లోహానికి బదులు ప్రత్యేకమైన రబ్బరు గొట్టాన్ని వాడవచ్చు. అది అదురును కూడా ముందుకు సాగనివ్వదు. అయితే ఈ పద్ధతిలో ఒక ప్రమాదం పొంచి ఉంది. నీటిని చిమ్మే చోటు ఇంజన్ వాల్వుల వైపు కాకుండా కిందికి వాలుగా ఉండాలి. అది పడవ బయటి నీటి మట్టానికి దగ్గరగానో దిగువనో ఉంటే, ఇంజన్ ఆగిన తరువాత నీరు దానంతట అదే లోపలికి లాగబడకుండా గాలి పీల్చే వాల్వు ఒకటి పెట్టాలి. ఇంజన్ అంటుకోక మళ్లీ మళ్లీ తిప్పవలసి వచ్చినప్పుడు నీటి కుళాయిని మూసి ఉంచాలి. లేకపోతే బయటికి నెట్టే పొగ లేక సైలెన్సర్ నిండి, నీరు సిలిండరులోకి చేరి ఇంజన్ దెబ్బతింటుంది.

అదురును ఆపే రబ్బరు

గాలిలో వచ్చే మోతను ఎంత మూసినా, ఇంజన్‌ను పడవ దిమ్మకు నేరుగా బోల్టులతో బిగిస్తే పడవ ఒళ్లంతా ధ్వనిపలకగా మారుతుంది. అందుకే మధ్యలో రబ్బరు మౌంట్లు పెడతారు. ఇంజన్ బరువుకు ఎంత కుంగుతుందనే దాన్ని బట్టి ప్రతి మౌంటుకు ఒక సహజ కంపన వేగం ఉంటుంది: 1 మిల్లీమీటరు కుంగితే సెకనుకు సుమారు 16 సార్లు, 4 మిల్లీమీటర్లు కుంగితే సుమారు 8 సార్లు. ఇంజన్ అదురు వేగం ఈ సహజ వేగానికి సుమారు 1.4 రెట్లు దాటిన తరువాతనే మౌంటు అదురును అడ్డుకోవడం మొదలుపెడుతుంది. దాని కన్నా దిగువన ఉంటే అదురును పెంచుతుంది కూడా. నిమిషానికి 1500 చుట్లు తిరిగే నాలుగు స్ట్రోకుల ఒంటి సిలిండరు ఇంజన్‌లో ఇంధనం మండేది సెకనుకు 12.5 సార్లు. కాబట్టి 1 మిల్లీమీటరే కుంగే గట్టి మౌంటు ఇక్కడ మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. 4 మిల్లీమీటర్లు కుంగే మెత్తని మౌంటు పనికొస్తుంది గాని, ఇంజన్ నెమ్మదిగా తిరిగే ఘడియల్లో పడవను ఊపేస్తుంది. ఆ వేగం దగ్గర ఎక్కువసేపు నిలపకపోవడమే దానికి పరిష్కారం.

మెత్తని మౌంట్ల మీద ఇంజన్ కదులుతుంది కాబట్టి, దానికి తగిలించిన పొగ గొట్టం, డీజిల్ గొట్టం, నీటి గొట్టం, షాఫ్టు కప్లింగ్ అన్నీ వంగే గుణం గలవే కావాలి. ఒక్క గట్టి ఇనుప గొట్టం మిగిలినా అదురంతా దాని వెంట పడవలోకి పాకుతుంది. పలచని ఫైబర్ పలకలు మోగకుండా వాటి లోపలి వైపు తారు, రబ్బరు కలిసిన బరువైన షీట్లు అతికిస్తే, అదురు శక్తి వాటిలో వేడిగా మారి నశిస్తుంది.

ఇంజన్ పెట్టె

పెట్టె గురించిన అపోహలు ఎక్కువ. స్పాంజిగాని, కోడిగుడ్ల అట్టలుగాని గోడకు అంటిస్తే శబ్దం ఆగుతుందనేది వాటిలో మొదటిది. మెత్తని పదార్థం పెట్టె లోపల ప్రతిధ్వనించే ధ్వనిని కొంత పీల్చుకోగలదు గాని, దాటిపోయే ధ్వనిని అడ్డగించలేదు. అడ్డగించేది బరువు మాత్రమే. గోడ బరువు రెట్టింపైతే అది ఆపే శబ్దం సుమారు 6 డెసిబెళ్లు పెరుగుతుంది. అందువల్ల మంచి పెట్టెకు బయట మందమైన ప్లైవుడ్, దానికి బరువైన రబ్బరు షీటు, లోపలి వైపు నూనె ఇంకని పొర కప్పిన, మంట పట్టని స్పాంజి అనే మూడంచెల గోడ కావాలి. అప్పటికీ మంద్ర స్వరంలో గుమ్మనే ధ్వని పూర్తిగా ఆగదు. దాన్ని ఆపే పని సైలెన్సర్‌ది, మౌంట్లది.

గోడ ఎంత మంచిదైనా సందులు దాని విలువను హరిస్తాయి. కురిసే ఇంటికి కప్పంతా బాగున్నా ఒక్క పెంకు తొలగినచోట వాన లోపలికి వచ్చినట్టే, 2 చదరపు మీటర్ల గోడలు గల పెట్టెకు మూత అంచున 2 మీటర్ల పొడవునా 1 సెంటీమీటరు సందు మిగిలితే, ఆ గోడ విడిగా 40 డెసిబెళ్లు ఆపగలిగినదైనా మొత్తం మీద 20 మించి ఆపలేదు. నూటికి ఒక వంతు రంధ్రం చేసే నష్టం ఇది. మూత చుట్టూ రబ్బరు పట్టీ, గొట్టాలు దూరే చోట గట్టి బిగింపు అందుకే అవసరం.

అయితే ఇంజన్‌కు గాలి కావాలి. 600 ఘన సెంటీమీటర్ల నాలుగు స్ట్రోకుల ఇంజన్ 1500 చుట్ల వేగంతో నిమిషానికి సుమారు 450 లీటర్ల గాలి పీల్చుకుంటుంది. అర ఘనమీటరు పెట్టెలోని గాలి దానికి నిమిషం పైచిలుకు మాత్రమే చాలుతుంది. గాలి వచ్చే దారిని సూటిగా కాక, లోపల స్పాంజి పరచిన రెండు మూడు మలుపుల కాలువగా కడితే గాలి లోపలికి వస్తుంది, ధ్వని మలుపుల్లో అణగిపోతుంది. వేడి బయటికి పోయే దారినీ ఇలాగే కట్టాలి. పెట్రోలు ఇంజనైతే జాగ్రత్త మరింత అవసరం: పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువైనది కనుక పెట్టె అడుగున పేరుకుంటుంది, చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. అందుకే ఇంజన్ తిప్పడానికి ముందు కనీసం 4 నిమిషాలు గాలిపంకా నడపాలనే నియమం ఏర్పడింది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రంగూ వాసనా లేని విషం. శబ్దాన్ని మూసే ఆత్రంలో దాన్ని ప్రయాణికుల వైపు మళ్లించకూడదు.

పెట్టెతో సాధించగలిగిన దానికి నిదర్శనం ఆదోనిలోని కల్యాణ మండపాల వెనుకే ఉంటుంది. కొత్త డీజిల్ జనరేటర్లు 1 మీటరు దూరంలో 75 డెసిబెళ్లు మించకూడదని కేంద్ర ప్రభుత్వం 2002లో నిబంధన తెచ్చింది. జనం సైలెంట్ జనరేటర్ అని పిలిచేది ఈ నిబంధన కోసం పెట్టెలో అమర్చిన డీజిల్ ఇంజన్‌నే. నేల మీద నిలిచిన ఇంజన్‌కు సాధ్యమైనది, స్థలమూ బరువూ పరిమితమైన పడవలో పూర్తిగా కాకపోయినా చాలావరకు సాధ్యమే.

ఒడ్డున ఉన్నవారు, నీటిలో ఉన్నవి

నీటి మీద శబ్దం నేల మీద కన్నా దూరం పోతుంది. నీటి ఉపరితలం ధ్వనిని పీల్చుకోక ప్రతిఫలిస్తుంది. నీటికి ఆనుకున్న గాలి చల్లగా, పై గాలి వెచ్చగా ఉన్న వేళల్లో ధ్వని అలలు పైకి పోక కిందికి వంగి ఒడ్డు ఊళ్లకు చేరతాయి. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు మించరాదని మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. ఐరోపా సమాఖ్య విహార పడవలకే ప్రత్యేక పరిమితి పెట్టింది: 25 మీటర్ల దూరంలో 10 కిలోవాట్లలోపు ఇంజన్‌కు 67, 40 కిలోవాట్ల వరకు 72, ఆపైన 75 డెసిబెళ్లు.

నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1480 మీటర్ల వేగంతో, అంటే గాలిలో కన్నా నాలుగు రెట్లకు పైగా వేగంతో సాగుతుంది. పడవ మోత నీటిలోని ప్రాణులకు కూడా చేరుతుంది; తుంగభద్ర నీటికుక్కలకు ఆలవాలమైన నది. వాటి రక్షణకు ఎగువన కర్ణాటక ప్రభుత్వం 2015లో ఆనకట్ట దిగువ నుంచి కంప్లి వరకు ప్రత్యేక రక్షిత ప్రాంతాన్ని ప్రకటించింది. ఇలాంటి నదుల్లో పడవ వేగాన్ని తగ్గించడమే అన్నిటికన్నా చవకైన శబ్ద నియంత్రణ. పడవ వెనుక తగిలించే మోటార్లలో నాలుగు స్ట్రోకులవి పాత రెండు స్ట్రోకుల వాటి కన్నా నెమ్మదిగా మోగుతాయి. పొగను ప్రొపెల్లర్ నడిమి గుండా నీటిలోకే వదలడం వీటిలో ఇప్పటికే ఉన్న ఏర్పాటు. బ్యాటరీతో నడిచే మోటారు పొగ మోతనూ, మండే కొట్టుడునూ పూర్తిగా తొలగిస్తుంది కనుక, చిన్న జలాశయంలో కొద్ది దూరం తిరిగే పడవకు అదే అత్యుత్తమం.

ఈ శాస్త్రం పడవల దగ్గర ఆగిపోదు. ఆదోని జిన్నింగ్ మిల్లుల్లో రోలర్ల పక్కన నిలబడే కూలీలకు, మగ్గాల చప్పుడు మధ్య బతికే ఎమ్మిగనూరు నేతకార్మికులకు కూడా ఇదే వరుస వర్తిస్తుంది: పుట్టేచోట తగ్గించడం, అదురును నేలకు పాకనీయకపోవడం, మిగిలిన మోతను బరువైన గోడతో ఆపడం, అన్నీ చేశాక కూడా మిగిలిన దానికి చెవి బిరడాలు ఇవ్వడం. బిరడాలతో మొదలుపెట్టి అక్కడే ఆపేయడం కార్మికుడి మీద భారం మోపడమే. విహార పడవలను కొనే పర్యాటక శాఖలు, గుత్తేదారులు ఇంజన్ శక్తినీ సీట్ల సంఖ్యనూ అడిగినట్టే, సరంగు చెవి దగ్గర ఎన్ని డెసిబెళ్లు ఉంటాయో కూడా ఒప్పందంలో రాయించుకోవాలి. అమ్మేవారు నమ్మకంగా చెప్పలేకపోతే, నీటి మీద కొలిచి చూపించిన తరువాతనే డబ్బు చెల్లించాలి. ఆ ఒక్క షరతు పెట్టిన నాడు, తయారీదారులే పెద్ద దారి ఏదో వెదికి ముందుగా దాన్ని మూస్తారు.